నల్లగుడ్డ చాటున కెమెరా

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు సినిమా తారల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పారు గాని, వాళ్లను మనకు చూపించే ఛాయాగ్రాహకుల పేర్లు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందుకే ఈ ఉత్తరంలో జేమ్స్ వాంగ్ హౌ గురించి రాస్తున్నాను. 1899లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పుట్టి, ఐదేళ్ల వయసులో అమెరికా చేరి, కుర్రతనంలో బాక్సింగ్ బరిలో దిగి, చివరికి హాలీవుడ్‌లో ఒక స్టూడియోను ఊడ్చి శుభ్రం చేసే పనికి కుదిరిన మనిషి ఆయన.

ఆయన దశ తిరిగిన సంగతి వినండి. ఆ రోజుల్లో ఫిల్ము మీద నీలం రంగు తెల్లగా పడేది. అందువల్ల నీలికళ్ల తారల కనుపాపలు తెర మీద వెలవెలబోయేవి. మేరీ మైల్స్ మింటర్ అనే నటికి హౌ ఫొటోలు తీసి ఇస్తే, వాటిలో తన కళ్లు నల్లగా పడ్డాయని ఆమె సంబరపడి, సినిమాలోనూ అలాగే తీయగలవా అని అడిగింది. తీస్తానని మాట ఇచ్చాడే గాని, అలా ఎందుకు పడ్డాయో ఆయనకే తెలియదు. ఆరా తీయగా, ఫొటో దిగేటప్పుడు ఆమె చూపు నల్ల మఖమలు గుడ్డ మీద ఉందని, ఆ నలుపే కళ్లలో ప్రతిఫలించిందని తేలింది. ఇక మఖమలు గుడ్డకు కంత చేసి, అందులోంచి కెమెరా పెట్టి సినిమా తీశాడు. మీరూ పగటిపూట కిటికీ దగ్గర నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూడండి. కనుపాప మీద బుల్లి కిటికీ మెరుస్తుంది. కిటికీకి నల్ల దుప్పటి కడితే ఆ మెరుపు మాయమవుతుంది.

1947లో వచ్చిన ‘బాడీ అండ్ సోల్’ కోసం ఆయన కాళ్లకు చక్రాల బూట్లు తొడుక్కుని, కెమెరా చేత్తో పట్టుకుని, వెనక నుంచి మరొకరు నెడుతుండగా బాక్సింగ్ బరిలో తిరిగాడు. ఆ పోట్లాట మన ముక్కు ముందే జరుగుతున్నట్టు ఉంటుంది. ‘ద రోజ్ టాటూ’, ‘హడ్’ చిత్రాలకు ఆస్కార్ బహుమతులు అందుకున్నాడు.

ఇంత పేరున్న మనిషి పెళ్లిని మాత్రం కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు. రచయిత్రి సనోరా బాబ్‌ను ఆయన 1937లో పారిస్‌లో పెళ్లాడాడు. ఆమె తెల్లజాతి స్త్రీ. జాతి వేరైతే పెళ్లి చెల్లదన్న ఆ చట్టాన్ని అక్కడి న్యాయస్థానం 1948లో కొట్టివేసేనాటికి ఆయనకు 49 ఏళ్లు. అన్నేళ్లూ నలుగురిలో ఆమెను భార్య అని చెప్పుకోవడానికి ఆయనకు వీలు లేకపోయిందన్నది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీ తాతయ్య