ఆకాశాన్ని చదివేవారి రాకపోకలు

తిరుపతి

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

ఖగోళశాస్త్రంలో పరిశోధన చేయాలంటే విదేశాలకు వెళ్లక తప్పదా అని మీరు అడిగారు. మనవాళ్లు అక్కడికి వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికీ వస్తారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగునేల మీదుగా సాగినప్పుడు, జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన పరికరాలతో సముద్రాలు దాటి గుంటూరుకు వచ్చాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) సాయంతో పరిశీలించవచ్చని మరునాడే అక్కడ చేసి చూపాడు.

మనకు దగ్గరి ఉదాహరణ టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే కావలూరు వేధశాల. చిత్తూరు నుంచి వేలూరు దాటి వెళితే, తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఆ వేధశాల ఉంది. దానిని నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డుకు వెళ్లి, 1949లో విద్యార్థిగా ఉండగానే ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. ఆ తరువాత అమెరికాలోనే అక్కడి ఖగోళశాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన నక్షత్రాల అసలు కాంతిని అంచనా వేసే ఒక పద్ధతిగా నిలిచి, నేటికీ ఇద్దరి పేర్లతోనే వ్యవహారంలో ఉంది. ఆయన తిరిగివచ్చి కట్టిన కావలూరులో 1972 నుంచి ఒక మీటరు వ్యాసం గల టెలిస్కోపు పనిచేస్తోంది.

1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక మసక నక్షత్రానికి అడ్డుగా వస్తుందని లెక్కలు చెప్పాయి. అమెరికా బృందం హిందూ మహాసముద్రం మీద ఎగిరే విమానంలోని టెలిస్కోపుతోనూ, మనవాళ్లు కావలూరులోనూ, మరికొందరు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోనూ ఆ నక్షత్రం మీదే చూపు నిలిపారు. గ్రహం చేరకముందే నక్షత్రకాంతి కొన్ని క్షణాలు తగ్గి మళ్లీ పెరగడం వేర్వేరు చోట్ల నమోదయింది. ఒక్కచోటే అలా కనిపించి ఉంటే, మబ్బు తునకో పరికరం లోపమో అని అనుమానించవలసి వచ్చేది. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నవారి నమోదులు ఒకదానినొకటి బలపరచడంతో యురేనస్ చుట్టూ వలయాలున్నాయని రూఢి అయింది. అంతర్జాతీయ సహకారం ఎందుకంటే నేను మొదట చెప్పే కారణం ఇదే.

అతిథి పరిశోధకులు చేసే పనిలో ఎక్కువ భాగం బయటికి కనిపించదు. వారు తమ ప్రశ్నను ముందుగా రాసి పంపి, ఆతిథ్యమిచ్చే సంస్థ అంగీకారం పొంది, కొన్ని వారాలో నెలలో అక్కడివారి పక్కన కూర్చొని పరిశీలనల్లోని దోషాలను సవరించే పద్ధతి నేర్చుకుంటారు, తమకు తెలిసినది సెమినార్లలో చెబుతారు. ఊరికి వచ్చాక కూడా ఆ పని సాగుతుంది. సాగకపోతే అది విహారయాత్రే అవుతుందని నా అభిప్రాయం.

ఇందుకోసం ముందే దేశం దాటనక్కరలేదు. 1988లో పుణెలో ఖగోళ భౌతికశాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నాయకత్వంలో మొదలైన అయూకా అనే ఖగోళశాస్త్ర పరిశోధన సంస్థ, విశ్వవిద్యాలయాల, కళాశాలల అధ్యాపకులను సహచరులుగా ఎంపిక చేసి, వారు వచ్చిపోతూ పరిశోధన చేసుకొనే వీలు కల్పిస్తోంది. పుణెకు ఉత్తరాన, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలతో ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అందుకొనే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపును వాడుకోవడానికి అనేక దేశాల శాస్త్రవేత్తలు దరఖాస్తు చేస్తారు. అడిగినవారు ఏ దేశంవారన్నదాని కంటే, వారి ప్రశ్నకు ఆ పరికరం జవాబివ్వగలదా అన్నదే అక్కడ ముఖ్యం.

అందువల్ల మీరు డిగ్రీకి వచ్చేసరికి భౌతికశాస్త్రం, గణితంతో పాటు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కూడా గట్టిగా నేర్చుకోండి. ఏ ఊరు వెళ్లాలన్న ఆలోచన తరువాత చేయవచ్చు. మీకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ఒక ప్రశ్నను ఒక పేజీలో స్పష్టంగా రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. మొదటిది రాయగానే నాకు పంపితే, చదివి నా సందేహాలు రాస్తాను.

ఇట్లు,
మీ తాత