వరంగల్ బడి ఫలితాలు: ఏ జిల్లావి, ఏ కొలతతో?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు హన్మకొండలో తప్పకుండా వినిపించే మాట: "ఈసారి మన జిల్లాకు ఎన్నో స్థానం?" ఇంతకీ మనది ఏ జిల్లా?

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను చీల్చి అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చేశారు. 2019లో ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ కాస్తా హన్మకొండ అయింది, రూరల్‌కు వరంగల్ పేరొచ్చింది. గ్రేటర్ నగరం రెండు జిల్లాల్లో పడింది. కాజీపేట బడి ఒక డీఈఓ (జిల్లా విద్యాధికారి) కింద, ఖిలా వరంగల్ బడి ఇంకో డీఈఓ కింద. 'నగర బడుల ఫలితం' అని ఒక్కచోట చూద్దామంటే రెండు జిల్లాల కాగితాలు కలుపుకోవాల్సిందే. పదేళ్ల కిందటి ర్యాంకును ఇప్పటి ర్యాంకు పక్కన పెట్టి మురిసిపోవడమో, తిట్టుకోవడమో నాకైతే అర్థం లేని పని.

జిల్లా మారినట్టే కొలతా మారింది. 2012లో మార్కులు పోయి గ్రేడ్లొచ్చాయి. 10 జీపీఏ ఫ్లెక్సీలతో చౌరస్తాలు నిండిపోయింది అప్పుడే. కరోనాతో 2020, 2021లో పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. 2022లో పదకొండు పేపర్లు ఆరుకు తగ్గాయి. 2025లో మెమో మీద మళ్లీ మార్కులు కనిపించాయి. పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే జాతీయ సర్వేలదీ ఇదే తీరు: 2021లో 3, 5, 8, 10 తరగతులకు పరీక్ష పెట్టారు, 2024 డిసెంబరులో 3, 6, 9కి.

ఇక సార్ల సంగతి. 2017 టీఆర్టీ (టీచర్ల నియామక పరీక్ష) తర్వాత పెద్ద నియామకమంటే 2024 డీఎస్సీయే, 11,062 పోస్టులతో. ఆ మధ్యలోనే, 2022–23లో, సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. తాము తెలుగు మీడియంలో చదివిన సార్లు, టీచరమ్మలు ఎందరో రాత్రికి రాత్రి ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది వరంగల్ యునెస్కో అభ్యసన నగరాల జాబితాలో చేరింది. ఆ వార్తకు దక్కినంత చోటు ఈ సార్ల తిప్పలకు దక్కలేదు.

ప్రాథమిక తరగతుల్లో 'తొలిమెట్టు' వచ్చిందీ 2022లోనే. పిల్లలకు చదవడం, రాయడం, నాలుగు లెక్కలు ఎంత వచ్చో ముందు చూసుకుని, అక్కడినుంచి చెప్పుకుంటూ పోవాలి. జూన్‌లో అక్షరాలు కూడబలుక్కున్న పిల్ల మార్చికల్లా పేరా గడగడా చదివిందంటే, ఆ సంగతి క్లాసు టీచరు రిజిస్టర్లో ఉంటుంది. మేలో పేపర్లు వేసే జిల్లా ర్యాంకుల్లో ఉండదు.