గదిలో గ్యాస్ మంట: పొగకు దారేది?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ముందుగదిలో తరచూ కనిపించేది ఒకప్పటి బొగ్గు పొయ్యి గూడు, దాని మీద ఇటుక పొగగొట్టం. 1952లో లండన్‌ను కమ్మిన, బొగ్గు పొగ కలిసిన మంచు వేలమందిని బలిగొంది. 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చి బొగ్గును కట్టడి చేసింది. ఆ గూళ్లలోకి క్రమంగా గ్యాస్ ఫైర్లు, అంటే గ్యాస్ మంటతో గదిని వెచ్చబెట్టే పొయ్యిలు, చేరాయి. ఫైర్ కొనేటప్పుడు అందరూ మంట అందమే చూస్తారు. ముందు తేల్చుకోవలసింది మాత్రం కాలిన వాయువు ఏ దారిన బయటికి పోతుందనే.

ఒక ఘనమీటరు సహజవాయువు పూర్తిగా కాలాలంటే దాదాపు 10 ఘనమీటర్ల గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని ఈ విషం రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

పాతకాలపు పొగగొట్టానికి ఫ్యాన్ ఉండదు. వేడి వాయువు తేలిక కనుక పైకి లేస్తుంది, వెనకే గది గాలినీ లాక్కుపోతుంది. గొట్టం ఎంత ఎత్తుగా, ఎంత వెచ్చగా ఉంటే లాగుడు అంత బలం. అంటే గొట్టంలో పోయే వేడి పూర్తిగా వృథా కాదు, పొగను మోసేది అదే. కాకపోతే ముందు అద్దం లేని అలంకార మంటల్లో సగానికి పైగా వేడి ఇలాగే పైకి పోతుంది.

ఈ లాగుడు ఎదురు తిరగడానికి ఎంతో బలం అక్కర్లేదు. తాలింపు ఘాటుకు వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోరుగా పెడతాం. కిటికీలన్నీ బిగించి ఉంటే ఆ ఫ్యాన్‌కు గాలి పొగగొట్టం నుంచే రావచ్చు. అప్పుడు పైకి పోవలసిన వాయువు గదిలోకి దిగుతుంది.

అందుకే నా ఓటు బ్యాలెన్స్‌డ్ ఫ్లూకి. ఫ్లూ అంటే కాలిన వాయువు బయటికి పోయే దారి. ఒక గొట్టంలో మరో గొట్టం ఉంటుంది. వెలుపలి దాంట్లో బయటి గాలి మంటకు చేరుతుంది, లోపలి దాంట్లో కాలిన వాయువు బయటికి పోతుంది. మంట గాజుపలక వెనక ఉంటుంది, గది గాలితో దానికి పనిలేదు. పొగగొట్టం లేని కొత్త ఇంటికీ పనికొస్తుంది, బయటి గోడ ఉంటే చాలు. పవర్ ఫ్లూలో పొగను ఫ్యాన్ తోస్తుంది. ఫ్యాన్ ఆగితే గ్యాస్ కూడా ఆగిపోతుంది.

అసలు ఫ్లూ లేని ఫైర్లూ ఉన్నాయి. వాటిలో ఉత్ప్రేరకం మోనాక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మారుస్తుంది. వేడంతా గదిలోనే ఉంటుంది, కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా. 3 కిలోవాట్ల ఫైర్ 4 గంటలు వెలిగితే సుమారు ఒకటిముప్పావు లీటర్ల నీరు గదిలో చేరినట్టే. చెమ్మ పట్టే పాత ఇంటికి దీన్ని పెట్టమని నేను చెప్పను. పెట్టినా గోడలో ఎప్పుడూ తెరిచి ఉండే గాలిరంధ్రం తప్పనిసరి. చలి వస్తోందని దాంట్లో గుడ్డ కుక్కడం ప్రాణాలతో చెలగాటం.

బ్రిటన్‌లో చట్టప్రకారం ఫైర్ బిగించే పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో నమోదైన ఇంజనీరే చేయాలి. పొగగొట్టం వాడే ఫైర్ అయితే, తలుపులూ కిటికీలూ మూసి, పొగపుల్ల వెలిగించి పొగ ఎటు పోతుందో చూస్తారు. వంటింటి తలుపు తీసి, అక్కడి ఫ్యాన్ పూర్తి వేగంతో తిప్పి మళ్లీ చూడమని అడగండి. పొగ గదిలోకి వెనక్కి వస్తే ఆ ఫైర్ వెలిగించకూడదు.