కెర్నల్ పానిక్ వచ్చిందని భయపడిన పిల్లలకు

తిరుపతి

చిరంజీవులు చిన్నోడికి, పాపకు పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరు నుంచి మీరు పంపిన ఫోటో చూశాను. లినక్స్ బూట్ కాకుండా తెర మీద కెర్నల్ పానిక్ అని (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ముందుకు పోలేక ఆగిపోయిందని) కనిపించేసరికి ఇద్దరికీ టెన్షన్ పట్టుకున్నట్టుంది. "అంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి కంపైల్ చేసేదా పెదనాన్నా?" అని అడిగారు. ఆ పని మాత్రం చేయకండి. లినక్స్‌ను సోర్స్ కోడ్ నుంచి ఒక్కొక్కటీ కంపైల్ చేసి కట్టుకుంటూ ఇంతదూరం వచ్చారు, చెడింది ఒక్కచోటే.

అలిపిరి మెట్లెక్కిన మనిషి కొండకు చేరలేదంటే మొదటి మెట్టు నుంచి వెతుక్కుంటూ పోం కదా. గాలిగోపురం దాటాడా, ఏడో మైలు దగ్గర ఎవరైనా చూశారా అని అడుగుతాం. ఇక్కడా అంతే. మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ, గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను లేపుతుంది. గ్రబ్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ రూట్ పార్టిషన్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లున్న డిస్కు భాగాన్ని, మౌంట్ చేసి (తెరిచి) ఇనిట్ అనే మొదటి ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. తెర మీద చివరి మాట ఎవరిదో చూస్తే, అంతకు ముందువాళ్ల జోలికి పోనక్కర్లేదు.

మీకొచ్చింది "వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)". రూట్‌ను మౌంట్ చేయలేకపోయానని ఈ మాట అంటున్నది కెర్నల్. అంటే గ్రబ్ తన పని చేసేసింది, దాన్ని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. బ్రాకెట్‌లోని అంకెలు చూడండి. రెండూ సున్నాలైతే, గ్రబ్ లైనులో రూట్= అని మీరిచ్చిన డిస్కే దానికి దొరకలేదు. అదే (8,2) అని ఉంటే, మొదటి డిస్కు రెండో పార్టిషన్ కనిపించింది కానీ అందులోని ఫైల్‌సిస్టమ్‌ను చదవలేకపోయిందని అర్థం.

ఈ లైనుకు కాస్త పైన, తనకు కనిపిస్తున్న పార్టిషన్ల జాబితాను కెర్నల్ అచ్చేస్తుంది. అసలు కావలసింది అదే, మీ ఫోటోలో అదే తెగిపోయింది! పానిక్ అయ్యాక తెరను వెనక్కి జరపలేం. కాబట్టి గ్రబ్ మెనూ నుంచి ఫోన్‌లో వీడియో తీసి, నిదానంగా ఆపి ఆపి చూడండి. జాబితాలో మీ డిస్కు ఉంటే రూట్= దగ్గర రాసింది తప్పు. డిస్కు లేకపోతే, దాన్ని నడిపే డ్రైవర్ కెర్నల్‌లో లేదు.

డ్రైవర్ విషయంలో ఒకటి గమనించండి. కాన్ఫిగ్‌లో దాన్ని వై అని పెట్టారా, ఎం అని పెట్టారా? వై అంటే కెర్నల్‌లోనే ఉంటుంది. ఎం అంటే విడి మాడ్యూల్, ఆ ఫైలు ఉండేది డిస్కులో. డిస్కు తెరవాలంటేనేమో ఆ మాడ్యూల్ కావాలి. మీరు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (డిస్కు తెరవకముందే మాడ్యూళ్లు అందించే చిన్న ఫైల్‌సిస్టమ్) పెట్టుకోలేదు కాబట్టి ఏహెచ్‌సీఐ (సాటా డిస్కు డ్రైవర్), ఈఎక్స్‌టీ4 (ఫైల్‌సిస్టమ్ డ్రైవర్) రెండూ వై కావాల్సిందే. సాటా డిస్కుకు స్కజీ డిస్క్ సపోర్ట్ కూడా ఉండాలి. పేరు చూసి "ఇది మనకెందుకులే" అని చాలామంది తీసేసేది దాన్నే. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేనప్పుడు రూట్=యూయూఐడీ అని ఫైల్‌సిస్టమ్ గుర్తింపు ఇచ్చినా కెర్నల్‌కు అర్థం కాదు, పార్టిషన్ గుర్తింపు అయిన పార్ట్‌యూయూఐడీ ఇవ్వాలి. యూఎస్‌బీ డిస్కయితే రూట్‌వెయిట్ అని చేర్చండి, అది కనిపించడానికి కాస్త ఆలస్యమవుతుంది.

ఇవన్నీ సరిచేయడానికి లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మీ పార్టిషన్‌ను మౌంట్ చేసి క్రూట్ అయితే (దాన్నే రూట్‌గా చేసుకుని లోపలికి వెళితే) చాలు. కెర్నల్ ఒక్కటే మళ్లీ కంపైల్ అవుతుంది, మిగతా కట్టడం అలాగే ఉంటుంది.

అది దాటాక "రిక్వెస్టెడ్ ఇనిట్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2" అని రావచ్చు. మైనస్ 2 అంటే ఫైలు లేదని. మీరు వెళ్లి చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది, తల గోక్కుంటారు. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని లోడ్ చేసే ఎల్‌డీ-లినక్స్. 64 బిట్ సిస్టమ్‌లో లిబ్64 ఫోల్డర్‌లో వెతకండి. గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ e అక్షరం నొక్కి, లినక్స్ అనే లైను చివర ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. బ్యాష్ (ఆదేశాలు టైప్ చేసే షెల్) వచ్చిందంటే లోపం ఇనిట్‌లో ఉంది. బ్యాష్ కూడా రాకపోతే ప్రోగ్రాములు ఆధారపడే సి లైబ్రరీ జీలిబ్‌సీ సంగతి చూడాలి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, భయం లేదు.

ఎప్పుడైనా గ్రబ్ రెస్క్యూ అని వస్తే అది వేరే కథ. గ్రబ్‌కు తన మాడ్యూల్స్ దొరకలేదన్నమాట. ఎల్ఎస్‌తో పార్టిషన్లు చూసి, గ్రబ్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే ప్రిఫిక్స్ సెట్ చేసి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆపైన నార్మల్ అని కొడితే మెనూ వస్తుంది. లోపలికి వెళ్లాక మాత్రం గ్రబ్-ఇన్‌స్టాల్ చేయాలి, లేకపోతే రేపూ ఇదే.

గ్రబ్ తర్వాత తెర నల్లగా ఉండిపోతే లినక్స్ లైనులో సందేశాలను దాచే క్వైట్ అనే మాట తీసేసి, గ్రాఫిక్స్ డ్రైవర్ తెరను మార్చకుండా ఆపే నోమోడ్‌సెట్ పెట్టి చూడండి. ఒక్కోసారి మిషన్ నడుస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు. కాప్స్‌లాక్ నొక్కితే లైటు మారుతోందంటే లోపల ప్రాణం ఉన్నట్టే.

కొత్త కెర్నల్‌ను కాపీ చేసేటప్పుడు పాతదాని మీద రాసేయకండి. వేరే పేరుతో పెట్టి, గ్రబ్ మెనూలో రెండూ ఉంచండి. ముందు ఆ వీడియో, మీ డాట్ కాన్ఫిగ్ ఫైలు ఈ రాత్రికే పంపండి, పొద్దున చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న