వెన్న వాసనకు ఊపిరితిత్తుల లెక్క వేరు

బేగంబజార్‌లో బేకరీ సరుకులు అమ్మే దుకాణాల్లో వెనిలా, పైనాపిల్, వెన్న ఎసెన్సులు చిన్న సీసాల్లో దొరుకుతాయి. ఇంట్లో కేకు పిండిలో నాలుగు చుక్కలు కలుపుకునేవారు వాటికి భయపడనక్కరలేదు. వాటినే డబ్బాలకొద్దీ వేడి నూనెలో గుమ్మరించే కార్మికుడి సంగతి వేరు. ఆయన వాటిని తినడు, ఎనిమిది గంటలూ పీలుస్తాడు.

వెన్నకు ఆ కమ్మదనం ఇచ్చే వాటిలో ముఖ్యమైనది డయాసిటైల్. అసలు వెన్నలో అది సహజంగానే ఉంటుంది. దాని ఆవిరి హాని మాత్రం 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో బయటపడింది. మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి అరుదైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్లు అక్కడి వైద్య అధికారులకు తెలిసింది. పరిశోధకులు వెళ్లి చూస్తే, పొగతాగని కార్మికుల్లో సైతం శ్వాసనాళాలు మూసుకుపోయినవారు మామూలుగా ఉండవలసిన దానికన్నా పది రెట్లకు పైగా తేలారు. నూనె తొట్టి మూత తీసి ఫ్లేవర్ పోసేవారికి ముప్పు ఎక్కువ. నాణ్యత పరీక్షకని రోజంతా సంచి తరువాత సంచి వేడిచేసి విప్పి చూసేవారూ తప్పించుకోలేదు.

మింగిన డయాసిటైల్‌ను శరీరం సులభంగానే విడగొట్టుకుంటుంది. పీల్చినప్పుడు అది శ్వాసనాళాల లోపలి పొరలోని ప్రోటీన్లకు అతుక్కుని ఆ కణాలను చంపుతుంది. గాయం మానే క్రమంలో పుట్టే మచ్చకణజాలం, రెండు మిల్లీమీటర్లకన్నా సన్నని నాళికలను బిగించేస్తుంది. బిగిసిన నాళిక మళ్లీ తెరుచుకోదు. ఆ మిస్సోరీ బాధితుల్లో కొందరు ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, పిల్లికూతలు: పైకి చూస్తే అచ్చం ఆస్తమానే. తేడా ఏమిటంటే ఇన్‌హేలర్ కొట్టినా పెద్దగా గుణం కనిపించదు, సెలవు పెట్టినా తగ్గదు. ఛాతీ ఎక్స్‌రే తరచూ మామూలుగానే వస్తుంది. అందువల్ల ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికో, సనత్‌నగర్ ఈఎస్ఐకో వెళ్లే బిస్కెట్, మిఠాయి కార్మికులు ఏ విభాగంలో, ఏమేం కలుపుతున్నారో డాక్టరుకు తామే చెప్పడం మేలు. ఉద్యోగంలో చేరిన రోజునే ఒకసారి, ఆ తరువాత కొన్ని నెలలకొకసారి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయిస్తే, ఆయాసం రాకముందే తగ్గుదల పట్టుబడుతుంది. ముఖానికి కట్టుకునే గుడ్డ మాస్కు ధూళిని కొంత ఆపవచ్చు, ఆవిరిని ఆపదు. రసాయన ఆవిరులను పీల్చుకునే కాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. అంతకన్నా ముందు తొట్టికి మూత, దాని పక్కనే గాలిని లాగేసే గొట్టం ఉండాలి. యజమానులకు ఖర్చుగా కనిపించేది ఈ చివరి రెండే.

గొడవ పెరిగాక కొన్ని కంపెనీలు డయాసిటైల్ బదులు దాని దాయాది పెంటేన్‌డయోన్‌ను వాడాయి. ఎలుకల మీద పరీక్షిస్తే అదీ అదే పని చేసింది. 2016లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ గాలిలో డయాసిటైల్ వంద కోట్ల భాగాలకు 5, పెంటేన్‌డయోన్ 9.3 మించరాదని సూచించింది. ఎనిమిది గంటల సగటు అది.

ఎసెన్సు చుక్క వేయని చోట కూడా ఈ రెండూ పుడతాయి. కాఫీ గింజలు వేగేటప్పుడు తయారై, పొడి కొట్టేటప్పుడు గుప్పున బయటికి వస్తాయి. కాఫీ పొడి కొనడానికి వెళ్లి ఐదు నిమిషాలు నిలబడి ఆ వాసనను ఆస్వాదించేవారికి బెంగ లేదు. గ్రైండర్ దగ్గర రోజంతా నిలబడే మనిషి తలకు ఎంత దూరంలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందో మాత్రం చూడాలి.