రికార్డ్ బటన్ నొక్కేలోపే పోయే గొంతు

ఒరేయ్ చిన్నా, అమ్మలూ,

మీరిద్దరూ కలిసి హామ్ రేడియోకి, అంటే సరదాకి లైసెన్స్ తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి, లాగింగ్ సాఫ్ట్‌వేర్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసిపెట్టే ప్రోగ్రామ్) రాస్తున్నామని, అందులో ఆడియో రికార్డింగ్ కూడా పెడతామని చెప్పినప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. తాతయ్య చాదస్తం అనుకున్నా పర్లేదు, నాకు తెలిసింది చెప్పేస్తా.

స్క్రీన్ మీద ఎర్రగా రికార్డ్ బటన్ పెట్టారు, చూశా, బానే ఉంది. కానీ దాన్ని ఎప్పుడు నొక్కుతాంరా? సీక్యూ సీక్యూ (ఎవరైనా ఉన్నారా) అని పిలుస్తూ కూర్చుంటాం, గంటసేపు గరగర తప్ప ఏమీ రాదు, ఉన్నట్టుండి ఆ గరగర అడుగునించి ఒక సన్నటి గొంతు మన కాల్‌సైన్‌లో (మన స్టేషన్ గుర్తు పేరులో) సగం పలికి మునిగిపోద్ది. అప్పుడు ప్రాణమంతా చెవిలోనే ఉంటుంది గానీ చెయ్యి మౌస్ మీదకి పోదు. బటన్ గుర్తొచ్చేసరికి ఆ సగం ముక్క పోయింది. అందుకే సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ వింటూనే ఉండాలి, ఆఖరి 2 నిమిషాల్ని మెమరీలో తిప్పుతూ, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ. దీన్నే రింగ్ బఫర్ అంటారు. లాగ్‌లో కాల్‌సైన్ టైప్ చెయ్యగానే ఆ వెనకటి 2 నిమిషాలతో సహా ఫైల్ మొదలవ్వాలి. మెమరీ తినేస్తుందని భయపడకండి, ఎస్ఎస్‌బీలో (గొంతు పంపే ఒక రేడియో పద్ధతిలో) వచ్చే గొంతుకి సుమారు 3 కిలోహెర్ట్జ్ సరిపోద్ది కాబట్టి సెకనుకి 8000 శాంపిళ్లు చాలు, 16 బిట్ మోనోలో అది సెకనుకి 16,000 బైట్లు, 2 నిమిషాలకి 2 ఎంబీ కూడా అవ్వదు.

సౌండ్ కార్డ్ నుంచి డేటా వచ్చినప్పుడల్లా నడిచే కాల్‌బ్యాక్ ఫంక్షన్‌లో మాత్రం డిస్క్ జోలికి పోకండి, డిస్క్ ఒక్క క్షణం బద్ధకించినా ఆడియోలో టక్కుమని కోత పడుద్ది. రాసే పని పక్కన విడిగా నడిచే వేరే థ్రెడ్‌కి ఇచ్చెయ్యండి.

ఇంకోటి, ఇది నేను అనుభవించింది. ఎన్నాళ్లనుంచో కాచుకున్న స్టేషన్ దొరికింది, మాట్లాడుతుండగా కరెంట్ పోయింది, తర్వాత ఫైల్ తెరిస్తే సున్నా సెకన్లు అని చూపించింది, నా గుండె జారిపోయింది. తీరా చూస్తే గొంతంతా అందులోనే ఉంది! మామూలు వేవ్ ఫైల్‌కి మొదటి 44 బైట్లు హెడర్, ఆడియో ఎంత ఉందో అక్కడ రాయాలి, మన ప్రోగ్రామ్‌లు ఆ లెక్క ఆఖర్న ఫైల్ మూసేటప్పుడు రాస్తాయి, మూసే లోపే కరెంట్ పోయిందిగా. ఫైల్‌లోని బైట్లని నేరుగా దిద్దనిచ్చే హెక్స్ ఎడిటర్‌లో ఆ సైజు చేత్తో దిద్దితే పాడింది. మీరు కొన్ని సెకన్లకోసారి హెడర్ దిద్దుతూ ఉండండి, మీ యూజర్లకి ఆ తిప్పలెందుకు.

లాగ్‌లో టైమ్ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్‌లోనే) ఉండాలి. తేదీని ఒకసారి, టైమ్‌ని ఇంకోసారి విడిగా అడక్కండి, ఒకే క్షణాన్ని ఒక్కసారే తీసుకుని రెండుగా విడగొట్టండి. లేకపోతే 23:59:59కి తేదీ చదివి, మరుక్షణం టైమ్ చదివితే 00:00:00 వస్తుంది, కాంటాక్ట్ ఏకంగా ఒకరోజు వెనక్కి పోద్ది. హామ్‌ల కాంటాక్ట్‌ల్ని సరిపోల్చి ఖాయం చేసే ఆన్‌లైన్ లాగ్ అయిన లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్‌లో రెండువైపుల టైమ్ 30 నిమిషాల లోపు కలవాలి, ఇక మ్యాచ్ ఎక్కడవుద్ది?

ఏడీఐఎఫ్ ఫైల్‌లో (లాగ్‌ని ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపే ఫైల్‌లో) ప్రతి ఫీల్డ్ ముందూ దాని పొడవు రాస్తారు కదా, ఎఫ్‌టీ8 అనే డిజిటల్ రేడియో పద్ధతి తెచ్చినవాళ్లలో ఒకరైన జో టేలర్ కాల్‌సైన్ కే1జేటీ తీసుకోండి, కే, 1, జే, టీ, మొత్తం 4. మీరు పంపిన శాంపిల్‌లో అన్నిటికీ 5 అని ఉంది, చూసుకోండి.

రికార్డింగ్ ఫైల్‌కి కాల్‌సైన్ పేరే పెడుతున్నారు, మంచిదే, ఆ ఫైల్ పేరు లాగ్ ఎంట్రీలో కూడా దాచండి. అయితే పోర్టబుల్‌గా (సెట్ పట్టుకుని బయటికి) వెళ్లినవాళ్ల కాల్‌సైన్ చివర స్లాష్ పీ (/P) ఉంటుంది, స్లాష్‌ని ఫోల్డర్ అనుకుని ఫైలే పుట్టదు, మీ ప్రోగ్రామ్ నోరెత్తదు, కాబట్టి అక్కడ అండర్‌స్కోర్ వెయ్యండి.

అవి సరిచేసి పంపండి, నేను ముందుగా రికార్డింగ్ సగంలో ఉండగా ప్లగ్ పీకి చూస్తా.

మీ తాతయ్య