కాస్క్ బీర్: 12 డిగ్రీల లెక్క ఎక్కడిది?

ఇంగ్లండ్ పబ్బుల్లో బీరు గోరువెచ్చగా పోస్తారన్న అపవాదు ఇవాళ్టిది కాదు. 1993లో ప్రధాని జాన్ మేజర్ కూడా తమ దేశపు మారని గుర్తుల్లో క్రికెట్ మైదానాల మీది పొడుగాటి నీడలతో పాటు వెచ్చని బీరునూ చేర్చారు. నిజానికి పద్ధతిగా పోసిన కాస్క్ బీరు, అంటే పీపాలోనే పులుస్తూ ఉండే సంప్రదాయ ఇంగ్లీషు బీరు, 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. హైదరాబాద్‌లో చిల్డ్ బీరుకు అలవాటుపడి లండన్‌కు చదువుకోవడానికి వెళ్లినవాళ్లకు అది చల్లగా అనిపించకపోవచ్చు కానీ, వెచ్చన మాత్రం కాదు.

ఈ అంకెను ఎవరో కూర్చుని నిర్ణయించలేదు. ఫ్రిజ్‌లు లేని కాలంలో పీపాలను పబ్బు కింది నేలమాళిగలో పెట్టేవారు. బ్రిటన్‌లో నేల లోపల ఏడాదంతా ఇంచుమించు అంతే చల్లదనం ఉంటుంది. 1797లో జోసెఫ్ బ్రామా పేటెంట్ తీసుకున్న చేతిపంపు ఆ బీరును నేరుగా పైనున్న బార్‌లోకి లాగింది. కింద ఎంత చల్లగా ఉంటే గ్లాసులోనూ దాదాపు అంతే.

ఆ చల్లదనమే ఈ బీరుకు సరిపోయింది. కాస్క్ బీరును పాశ్చరైజ్ చేయరు, వడకట్టరు. ఈస్ట్ బతికే ఉండి పీపాలోనే పులియబెడుతూ ఉంటుంది. వేడెక్కితే ఉన్న కాస్త గ్యాసూ పోయి చప్పబడుతుంది, తొందరగా పాడవుతుంది. మరీ చల్లబడితే ప్రోటీన్లు పేరుకుని మసకబారుతుంది, మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) రుచి, హాప్స్ పువ్వుల వాసన అణగిపోతాయి.

గొడవ మొదలైంది 1960ల్లో. పాశ్చరైజ్ చేసి, గ్యాస్ ఎక్కించి, బాగా చల్లబరిచిన కెగ్ బీరు పబ్బులను ముంచెత్తింది. దాన్ని ఎదిరిస్తూ 1971లో సంప్రదాయ బీరును కాపాడుకోవాలనే కామ్రా ఉద్యమం పుట్టింది. ఇంతలో బాగా చల్లగా తాగే లాగర్ బీరు దూసుకొచ్చి జనం నాలుకను చల్లదనానికి అలవాటు చేసింది. 1990ల చివర్లో వచ్చిన, కాస్క్ బీరు నాణ్యతను పరీక్షించే కాస్క్ మార్క్ సంస్థ తనిఖీదారులు చెప్పాపెట్టకుండా పబ్బులకు వెళ్లి థర్మామీటర్‌తో కొలవడం మొదలుపెట్టారు.

ఇప్పటికీ చాలాచోట్ల తేడా వచ్చేది పైపులోనే. మాళిగ 12 డిగ్రీలున్నా, బేరం లేని మధ్యాహ్నం బార్ దాకా వెళ్లే గొట్టంలో నిలిచిన బీరు గది వేడిని పీల్చుకుంటుంది. అందుకే పైథాన్ అనే చుట్టు వేస్తారు: బీరు గొట్టాల పక్కనే చల్లటి నీళ్లు తిరుగుతూ ఉంటాయి, పైన వేడి చొరబడని తొడుగు. అది లేని పబ్బులో మొదటి పైంట్ (అర లీటరు పైచిలుకు గ్లాసు) తాగినవాడు కాస్క్ బీరంటేనే ఇంతేనని తేల్చేసుకుంటాడు. ఆ బీరుకు ఇంతకన్నా అన్యాయం లేదు.

లాగర్ తాగేవాళ్లను రప్పించడానికి ఇంకా చల్లగా పోద్దామనేవాళ్లున్నారు. ఎనిమిది డిగ్రీలకు దించితే మాత్రం ఆ బీరును వెతుక్కుంటూ వెళ్లడానికి కారణమే మిగలదు. ముందు వేడెక్కిన బీరును 16 డిగ్రీల్లో పోయడం మానాలి. అదీ తేలిక కాదు. 2022 జూలైలో ఇంగ్లండ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటింది, అదే ఏడాది కరెంటు బిల్లులూ మండిపోయాయి. నేల ఒకప్పుడు ఊరికే ఇచ్చిన చల్లదనానికి ఇప్పుడు పబ్బు యజమాని డబ్బు కట్టాలి.